సెల్‌ఫోను తరంగములతో గ్రుడ్డు ఉడుకునా?

సెల్‌ఫోను నుండి వెడలు తరంగములు ఆహారమును వేడి చేయగలవా? ఈ ప్రశ్న వినుటకు వేడుకగా నుండును. కాని దీని వెనుక ఒక భయము నిలిచియున్నది. గ్రుడ్డును ఉడికింపగల తరంగము, ఫోనును చెవికి ఆనించుకొన్నవాని తలను విడిచిపెట్టునా? ఎదురింటి మేడపై నిలిపిన టవరు మన పసిపిల్లలను ఏమి చేయునో? అద్దె ఇల్లు వెదకునప్పుడు గదులెన్ని, నీళ్ళు వచ్చునా అని అడిగిన పిదప, మేడపై టవరు కలదా అని అడుగువారు నేడు ఎందరో కలరు. కనుక ఈ ప్రశ్నకు వట్టి మాట అని ఒక్క ముక్కలో బదులు చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. అందులో వట్టి మాట ఏది, గట్టి మాట ఏది అని విడదీసి చూడవలెను.

అట్లు చూచుటకు గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. హైదరాబాదు పాతబస్తీలో, ఫలక్‌నుమా రైలు స్టేషను ప్రక్క వీధులలోని సామాన్య గృహము ఏదైనను చాలును. మూడు గాజు గ్లాసులు, రెండు ఫోనులు, ఒక ఉష్ణమాపకము, కొంచెము లెక్క, కొంచెము ఓర్పు ఉన్నచో ఎవరికి వారే నిజమును తేల్చుకొనవచ్చును. అయితే పరీక్షకు పూనుకొనుటకు ముందు, ఈ అనుమానము ఎక్కడ పుట్టినదో తెలిసికొనుట మంచిది.

రేడియో ఉన్న ఇంటివారికి తరంగములు కొత్తవి కావు. హైదరాబాదు కేంద్రము 738 కిలోహెర్ట్జులపై ప్రసారము చేసిన కార్యక్రమములను ఎందరో విన్నారు. ఆ తరంగము పొడవు 400 మీటర్లకు కొంచెము పైన. సెల్‌ఫోను తరంగములు ఆ జాతివే, కాని పొట్టివి. 900 మెగాహెర్ట్జుల తరంగము ఒక మూర కంటె పొట్టిది, సుమారు 33 సెంటీమీటర్లు. 1800 మెగాహెర్ట్జుల తరంగము అందులో సగము. ఇక వంటయింటి మైక్రోవేవ్ ఓవెన్ పని చేయునది 2450 మెగాహెర్ట్జులపై. దాని తరంగము 12 సెంటీమీటర్లు. మన దేశమున నాలుగవ తరము ఫోనులకు కేటాయించిన పట్టీలలో 2300 మెగాహెర్ట్జులది ఒకటి. ఓవెన్ తరంగమునకు అది ఇరుగుపొరుగు. కావున “ఓవెన్ వండుచున్నదే, ఫోను ఏల వండదు?” అను ప్రశ్న అవివేకము కాదు. అడుగదగిన ప్రశ్నయే.

ఓవెన్ పుట్టుకయు ఇట్టి అనుమానము నుండియే వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధములో శత్రు విమానములను పసిగట్టు రాడారులకు బలమైన పొట్టి తరంగములు కావలసివచ్చినవి. 1940లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో రాండాల్, బూట్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు అట్టి తరంగములను పుట్టించు మాగ్నెట్రాన్ గొట్టమును మునుపెన్నడును లేనంత శక్తిమంతముగా నిర్మించిరి. అమెరికాలో రేథియాన్ సంస్థలో ఆ గొట్టములతో పని చేయుచుండిన పెర్సీ స్పెన్సర్ అను ఇంజనీరు, 1945 ప్రాంతమున, తన జేబులోని మిఠాయి కరిగిపోవుట గమనించెనని చెప్పుదురు. అతడు అంతటితో ఊరకుండలేదు. మొక్కజొన్న గింజలను తెప్పించి గొట్టము ఎదుట ఉంచెను, అవి పేలినవి. గ్రుడ్డును ఉంచెను, అది పగిలి చిందినది. 1945 అక్టోబరులో అతడు పేటెంటు కొరకు దరఖాస్తు పెట్టెను. 1950 జనవరిలో అది మంజూరైనది. 1947లో ఆ సంస్థ అమ్మకమునకు తెచ్చిన మొదటి ఓవెన్ ఇంచుమించు మనిషంత ఎత్తున నుండెడిది.

తరంగము ఆహారమును ఎట్లు వేడి చేయును? నీటి అణువునకు ఒక కొన ధన విద్యుత్తు వైపు, మరియొక కొన ఋణ విద్యుత్తు వైపు మొగ్గును. తరంగములోని విద్యుద్బలము దిక్కు మార్చినప్పుడెల్ల ఆ అణువు తానును తిరుగజూచును. 2450 మెగాహెర్ట్జులనగా సెకనునకు 245 కోట్ల ఆవృత్తులు. కిక్కిరిసిన జాతరలో అందరును ఒక్కసారిగా ఇటునటు తిరుగబోయినచో ఒకరినొకరు రాచుకొందురు గదా! అణువులును అట్లే ఒరసికొనును. ఆ ఒరపిడియే వేడి. ఇందులో 2450 అను అంకెకు మంత్రశక్తి ఏదియు లేదు. నీరు ఆ ఒక్క తరంగమునకే స్పందించుననుట సరి కాదు. 900, 1800 మెగాహెర్ట్జుల తరంగములును నీటిని కొంత వేడి చేయును. కావున మన ప్రశ్నకు మొదటి సమాధానము ఇది: సెల్‌ఫోను తరంగము ఆహారములో ఇంకినంత మేరకు దానిని వేడి చేయును. తేలవలసినది చేయునా చేయదా అనునది కాదు. ఎంత చేయును అనునది.

ఇక్కడ లెక్క అవసరము. ఇండ్లలోని ఓవెన్ ఆహారము మీదికి 700 నుండి 1,000 వాట్ల శక్తిని పంపును. రెండవ తరము సెల్‌ఫోను 900 మెగాహెర్ట్జులపై మాటలాడునప్పుడు గరిష్ఠముగా 2 వాట్ల శక్తిని పంపును. కాని కాలములో ఎనిమిదవ వంతు మాత్రమే పంపి, తక్కిన ఏడు వంతులు ఊరకుండును. అనగా సగటున పావు వాట్. నాలుగవ తరము ఫోను గరిష్ఠము సుమారు 0.2 వాట్. ఇదియు టవరు దూరమైనప్పటి మాట. దగ్గరగా ఉన్నచో ఫోను తన బలమును తానే తగ్గించుకొనును. పావు వాట్ చొప్పున లెక్కించినను, 800 వాట్ల ఓవెన్‌కు సాటి రావలెనన్నచో 3,200 ఫోనులు కావలెను. కొళాయి నుండి జారు బొట్టును, 1908లో హైదరాబాదును ముంచిన మూసీ వరదయు రెండును నీరే. ఒకటి నగరమును ముంచినదని మరియొకటి వాకిటిని ముంచునని ఎవరును భయపడరు.

రెండవ భేదము పెట్టె. ఓవెన్ ఆరు ప్రక్కల లోహముతో మూసిన గది. తలుపు అద్దము వెనుక చిన్న రంధ్రముల లోహపు జల్లెడ కూడ కలదు. లోపల పుట్టిన తరంగము గోడలకు తగిలి వెనుకకు మరలి, ఆహారములో ఇంకు వరకు తిరుగుచునే యుండును. సెల్‌ఫోను పని దీనికి సరిగా వ్యతిరేకము. టవరునకు వార్త అందవలెనని అది తన తరంగమును నలుదిక్కులకు వెదజల్లును. ప్రక్కనున్న గ్రుడ్డు మీద పడునది అందులో కొంత భాగము మాత్రమే. తక్కినది కిటికీ దాటి, గోడ దాటి వెళ్ళిపోవును.

ఐనను, వాదము కొరకు, ఫోను విడిచిన పావు వాట్ అంతయు ఒక గ్లాసు తేనీటిలోనే ఇంకినదనుకొందము. 100 గ్రాముల నీటిని 30 డిగ్రీల నుండి 90 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 25,000 జౌళ్ళ శక్తి కావలెను. 800 వాట్ల ఓవెన్ ఆ శక్తిని అర నిమిషములో ఇచ్చును. పావు వాట్ ఫోను ఇచ్చుటకు లక్ష సెకనులు, అనగా దాదాపు 28 గంటలు పట్టును. కోడిగ్రుడ్డు చిన్నది గనుక, 80 డిగ్రీలు చేరుటకు 9 గంటలు చాలునని లెక్కకు వచ్చును.

ఈ మాట వినగానే మన పాతబస్తీ వంటవాడు ఒక ఆక్షేపణ చేయవచ్చును. “హలీమును మేము గంటల తరబడి ఉడికింతుము గదా! మంట చిన్నదైన నేమి, కాలము పొడవైనచో వంట కాదా?” అని అతడు అడుగును. ఇది మంచి ఆక్షేపణ. దీనికి సమాధానము తెలిసినచో ఈ విషయమంతయు తెలిసినట్లే.

గదికంటె వేడియైన వస్తువు ఏదైనను ప్రతిక్షణము గాలికి తన వేడిని కోల్పోవుచుండును. హలీము భట్టీ మీది దేగిసాయు కోల్పోవును. కాని క్రింది కట్టెల నిప్పు, కోల్పోయిన దానికంటె ఎక్కువ ఇచ్చుచున్నది. అందువలననే అది ఉడుకును. చిల్లు కుండలో నీరు పోయుట వంటిది ఇది. పోయునది కారునదానికంటె ఎక్కువైనచో కుండ నిండును. తక్కువైనచో, ఏడాది పొడవున పోసినను, నీరు కొంత ఎత్తున నిలిచిపోవును గాని అంచునకు రాదు. కోడిగ్రుడ్డు గదికంటె ఒక్కొక్క డిగ్రీ వేడెక్కిన కొలదియు, గాలికి సుమారు 0.07 వాట్ కోల్పోవును. కావున పావు వాట్ అంతయు దానిలో ఇంకినను, మూడు నాలుగు డిగ్రీలు ఎక్కునప్పటికి రాక, పోక సమానమగును. ఆపై 9 గంటలు కాదు, 9 దినములు ఉంచినను అది అంతకు మించి వేడెక్కదు. నిజమునకు ఫోను శక్తిలో కొంత భాగమే గ్రుడ్డునకు చేరును గనుక, ఆ మూడు నాలుగు డిగ్రీలును రావు.

ఒక ఫోను చాలదు సరే, వంద ఫోనులైనచో? ఫలక్‌నుమా కొండ మీది రాజభవనము ఇందుకు ఒక చక్కని ఉదాహరణమును ఇచ్చుచున్నది. పైగా వంశపు ప్రభువు వికార్-ఉల్-ఉమ్రా 1884లో పునాది వేసి కట్టించగా, తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చి, 2010లో హోటలుగా మారిన ఆ భవనములో 101 మంది ఒక్కసారి కూర్చుండి భుజింపగల బల్ల కలదు. ఆ 101 మంది అతిథులును ఒకే క్షణమున తమ ఫోనులలో మాటలాడినారనుకొందము. అందరి తరంగముల మొత్తము శక్తి 25 వాట్లు. వెనుకటి రోజులలో మెట్ల దగ్గర వ్రేలాడదీసిన చిన్న బల్బు తినెడి విద్యుత్తు అది. ఆ ఫోనులన్నిటిని ఒక గ్రుడ్డు చుట్టును ఒక మీటరు దూరమున వలయముగా పేర్చినను, గ్రుడ్డు మీద పడునది ఒక వాట్‌లో వేయింట నాలుగు వంతులు మాత్రమే. దాని వలన కలుగు వేడి డిగ్రీలో పదవ వంతునకు లోబడియుండును. అదే గ్రుడ్డును వేసవి మధ్యాహ్నము ఆ భవనపు మెట్ల మీద ఉంచినచో, సూర్యుడు దాని మీద సుమారు 2 వాట్లు కురిపించును. అనగా 101 ఫోనుల కంటె 500 రెట్లు. ఆ ఎండలోనే గ్రుడ్డు ఉడకదే!

ఇట్టి పరీక్ష ఊహలోనే గాక నిజముగను జరిగినది. 2005లో బ్రిటను దేశపు టెలివిజను కార్యక్రమము ‘బ్రెయినియాక్’ వారు ఒక గ్రుడ్డు చుట్టును 100 సెల్‌ఫోనులను పేర్చి మ్రోగించి చూచిరి. గ్రుడ్డు పగులగొట్టి చూడగా పచ్చిదిగనే యున్నది.

మరి లోకములో ప్రచారమైన కథలు ఎక్కడివి? 2000 సంవత్సరమున ఇంగ్లండులో చార్లెస్ ఐవర్మీ అను నతడు, రెండు ఫోనుల నడుమ గ్రుడ్డును నిలిపి వండు విధానమును పరిహాసముగా వ్రాసెను. చదివినవారు పరిహాసమును మరచి వంటను మాత్రము గుర్తుంచుకొనిరి. 2008లో కొన్ని చలనచిత్రపు ముక్కలు ప్రపంచమంతయు వ్యాపించినవి. బల్ల మీద మొక్కజొన్న గింజలు. చుట్టును నాలుగు ఫోనులు. అవి మ్రోగగనే గింజలు టపటప పేలుచున్నవి! అవి చెవికి తగిలించుకొను ఫోను సాధనములను తయారు చేయు కార్డో సిస్టమ్స్ అను సంస్థ ప్రకటన కొరకు తీయించిన చిత్రములని, అందులో కూర్పు కౌశలము తప్ప ఫోనుల మహిమ లేదని ఆ సంస్థ అధిపతియే అదే సంవత్సరము ఒప్పుకొనెను. గింజ పేలవలెనన్నచో దాని లోపలి నీరు ఆవిరియై, సుమారు 180 డిగ్రీల వద్ద పైతొక్కను చీల్చవలెను. అంత వేడి ఫోను నుండి వచ్చుచున్నచో, గింజకంటె ముందు బల్ల మీది గుడ్డ మాడియుండెడిది.

ఇక మన పరీక్ష. మా మాటనే నమ్మవలసిన పని లేదు. పాఠకులు తామే చేసి చూడవచ్చును. కాని పరీక్షలో ఒక మోసము పొంచియున్నది. ఫోను తాకినప్పుడు వెచ్చగా నుండుట అందరికిని తెలిసినదే. ఆ వెచ్చదనము తరంగములది కాదు. బాటరీ నుండి విద్యుత్తు తీసికొని లోపలి యంత్రాంగము పని చేయునప్పుడు పుట్టిన వేడి అది. బొమ్మలు చూచునప్పుడు ఫోను ఒకటి నుండి మూడు వాట్ల వరకు వ్యయము చేయును. అది దాదాపు అంతయు వేడిగనే బయటపడును. ఆ ఫోను మీద చాక్లెట్టు ముక్కను ఉంచినచో అది మెత్తబడవచ్చును. చూచినవారు “తరంగము కరిగించినది” అందురు. నిజమునకు కరిగించినది ఆ వెచ్చని ఫోను. కావున ఒక్క గ్లాసుతో చేసిన పరీక్ష పరీక్షయే కాదు. పోల్చి చూచుటకు వేరు గ్లాసులు ఉండితీరవలెను.

ఒకే కొలత గల మూడు గాజు గ్లాసులను తీసికొని, ఒకే బిందె నుండి ఒక్కొక్క దానిలో 100 మిల్లీలీటర్ల నీరు పోయవలెను. ఎండయు, పంకా గాలియు తగులని చోట, ఒకదానికొకటి రెండు మూడు బారల దూరమున వానిని ఉంచవలెను. మొదటి గ్లాసు ప్రక్కన ఏమియు వలదు. రెండవ గ్లాసు ప్రక్కన ఒక ఫోనును ఉంచి, విమానపు బొమ్మ గల మీట నొక్కి తరంగములన్నిటిని ఆపి, అందులో దాచియున్న పాటలను వినిపింపనీయవలెను. మూడవ గ్లాసు ప్రక్కన అటువంటిదే మరియొక ఫోనును ఉంచి, దాని నుండి ఎవరికైనను పిలుపు కలిపి, మాటలు సాగనీయవలెను. ఫోనుకును గ్లాసునకును నడుమ ఒక థర్మోకోల్ పలక నిలుపవలెను. ఫోను వెచ్చదనమును ఆ పలక ఆపును, తరంగమును ఆపదు. జ్వరము చూచు ఉష్ణమాపకము ఇందుకు పనికిరాదు; అది ఇంచుమించు 35 నుండి 42 డిగ్రీల వరకే చూపును. వంటకు గాని, పాఠశాల ప్రయోగశాలకు గాని వాడు ఉష్ణమాపకము కావలెను.

అర గంట తరువాత మూడింటి వేడిని చూడవలెను. ఏ గ్లాసు ఏదియో తెలియని వారి చేత చదివించుట మేలు; ఏలయన, మన కన్ను మన కోరిక వైపు మొగ్గును. పిమ్మట ఫోనులను తారుమారు చేసి మరల చూడవలెను. తరంగమే నీటిని వేడి చేయుచున్నచో, మూడవ గ్లాసు రెండవదానికంటె ప్రతిసారియు వెచ్చగా నుండవలెను. లెక్క ఏమి చెప్పును? పావు వాట్ అర గంటలో ఇచ్చునది 450 జౌళ్ళు. అదంతయు నీటిలో ఇంకినను ఒక్క డిగ్రీ పెరుగును. ఇంకునది కొంత భాగమే గనుక, ఇంటి ఉష్ణమాపకము మూడు గ్లాసులకును భేదము చూపలేదు. పలకను తీసివేసి ఫోనులను గ్లాసులకు ఆనించినచో భేదము కనబడవచ్చును. కాని అప్పుడు తరంగములు లేని రెండవ గ్లాసును వెచ్చబడును. దొంగ ఎవరో ఆ రెండవ గ్లాసే పట్టి ఇచ్చును.

ఇంత స్వల్పమైన శక్తి ఊరూరికి వార్తను ఎట్లు మోయుచున్నదని కొందరికి తోచవచ్చును. మోయునది వార్తను, పని చేయు బలమును కాదు. పూర్వము స్ఫటికపు రేడియోలు ఉండెడివి. వానికి బాటరీ లేదు, విద్యుత్తు తీగ లేదు. గాలిలో వచ్చిన తరంగపు బలముతోనే అవి పలికెడివి. వేల వాట్ల ప్రసార కేంద్రము దాపున నున్నను, చెవికి గొట్టము ఆనించుకొన్నగాని ఆ గుసగుస వినబడెడిది కాదు. మన ఇంటి రేడియో గదియంతయు మారుమ్రోగునట్లు పాడుచున్నదనగా, ఆ బలము గోడలోని విద్యుత్తుది గాని ఆకాశములోని తరంగముది కాదు. జగదీశ చంద్ర బోసు 19వ శతాబ్ది చివరి దశకములో కలకత్తాలో తరంగములను పంపి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకి మందును పేల్చి చూపెను. అక్కడ మందును అంటించినది తరంగపు వేడి కాదు. తరంగము ఒక మీటను కదిపినది. అచ్చటనే సిద్ధముగా నున్న విద్యుత్తు తక్కిన పని చేసినది. సెల్‌ఫోను మ్రోగుటయు అట్టిదే.

ఇప్పుడు టవరు మాట. మన దేశమున 2012 సెప్టెంబరు 1 నుండి టవరుల తరంగ తీవ్రతకు, అంతర్జాతీయ సంఘము సూచించిన పరిమితిలో పదవ వంతు మాత్రమే హద్దుగా ఏర్పరచిరి. 900 మెగాహెర్ట్జులకు అది చదరపు మీటరునకు 0.45 వాట్. నడినెత్తి ఎండ తీవ్రత చదరపు మీటరునకు ఇంచుమించు 1,000 వాట్లు. అనగా ఆ హద్దు ఎండలో రెండువేల వంతునకు లోబడినది. ఆ తీవ్రతలో నిలిపిన తేనీటి గ్లాసు మీద పడునది వాట్‌లో వేయింట రెండు మూడు వంతులు. ఆరిపోయిన తేనీరు ఆరిపోయియే యుండును.

ఇంకొక సంగతి పలువురు గమనింపరు. పాతబస్తీలోని పూర్వపు ఇండ్ల గోడలు రాతితోను డంగు సున్నముతోను మందముగా కట్టినవి. అట్టి గదులలో సంకేతము సన్నగిల్లును. అప్పుడు ఫోను టవరునకు వినబడవలెనని తన గొంతు పెంచి, గరిష్ఠ బలముతో తరంగములను విడుచును. బాటరీ త్వరగా తరిగిపోవును. మన తలకు చేరువలో నుండునది ఫోను గాని టవరు కాదు. కావున టవరును దూరముగా తరిమినచో ఇంటిలోని తరంగ బలము తగ్గుననుట సరి కాదు. చెవి దగ్గరి బలము పెరుగనువచ్చును. కిటికీ దగ్గరకు వచ్చి మాటలాడువారు ఫోనునకు శ్రమ తగ్గించి, తమకును మేలు చేసికొనుచున్నారు.

ఆహారము వేడెక్కదని తేలినంత మాత్రమున ఆరోగ్య ప్రశ్నలన్నియు తీరినవని మేము అనుట లేదు. అది వేరు ప్రశ్న; దానికి వేరు పరీక్షలు. శరీరము తరంగమును ఇముడ్చుకొనుటకు మన దేశమున 2012 నుండి ఏర్పడిన హద్దు, ఏ ఒక్క గ్రాము మాంసము లెక్కను చూచినను, కిలోగ్రామునకు 1.6 వాట్. ఆ కొద్ది వేడిని ప్రవహించు రక్తము తీసికొనిపోవును. ఊరక కూర్చున్న మనిషి దేహమే సుమారు 100 వాట్ల వేడిని పుట్టించుచున్నదని మరువరాదు. 2011లో క్యాన్సరు పరిశోధనకు సంబంధించిన అంతర్జాతీయ సంస్థ ఈ తరంగములను “క్యాన్సరు కారకములు కావచ్చును” అను వర్గములో చేర్చినది. రుజువు పరిమితముగా నున్నప్పుడు చేర్చెడి వర్గమది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై వెలువడిన సమీక్ష, సెల్‌ఫోను వాడుకకును మెదడు క్యాన్సరునకును సంబంధము కానరాలేదని తెలిపినది. జాగ్రత్త కోరువారు చెవికి తీగ గొట్టము తగిలించుకొనవచ్చును, మాటలు తగ్గింపవచ్చును. అందులో నష్టమేమియు లేదు.

కాని ఫోనుతో నిజముగా కాలు ప్రమాదము ఒకటి కలదు. మన చూపంతయు టవరు మీదనే నిలిచి అది మరుగున పడుచున్నది. 5,000 మిల్లీ ఆంపియర్ గంటల బాటరీలో దాదాపు 69,000 జౌళ్ళ శక్తి నిలువయుండును. మనము పైన లెక్కించిన తేనీటి గ్లాసును రెండు మారులు కాచుటకు చాలి, ఇంకను మిగులునంతటి శక్తి అది. తరంగముగా అది పావు వాట్ చొప్పున సన్నగా జారును. గ్రుడ్డును కూడ వెచ్చచేయలేదు. కాని బాటరీ నలిగినను, ఉబ్బినను, పనికిరాని చార్జరు తగిలించినను, అదే శక్తి కొద్ది నిమిషములలో మంటయై వెలువడవచ్చును. వేడి పోవుటకు దారిలేని చోట, అనగా దిండు క్రింద, పరుపు మడతలో, దుప్పటి లోపల చార్జి చేయుట అందుకే ప్రమాదకరము. ఎదుటి మేడ మీది టవరునకు భయపడి కిటికీ మూసిన తల్లిదండ్రులే, నిద్రించు బిడ్డ తలగడ క్రింద చార్జి అగుచున్న ఫోనును చూచియు ఊరకుండవచ్చును. భయము తప్పు కాదు. అది చేరవలసిన చోటికి చేరలేదు.

నేటి రాత్రి పడుకొనుటకు ముందు చేయదగిన పని ఒక్కటి కలదు. ఫోనును పడక మీది నుండి తీసి, గట్టి బల్ల మీదనో రాతి గూటిలోనో గాలి తగులునట్లు ఉంచవలెను. బాటరీ ఉబ్బియున్నచో దానిని మరల చార్జి చేయరాదు. గ్రుడ్డు ఉడకవలెనన్నచో పొయ్యి ఉండనే యున్నది.